జనగామ స్కోరు పుస్తకం ఆత్మకథ

నేను క్రికెట్ స్కోరు పుస్తకాన్ని. మందపాటి అట్ట, ఎర్రగుడ్డ వీపు, లోపల పేజీ నిండా గళ్లు. నా గీతలు ఏ ప్రెస్సులో పడ్డాయో, నన్ను ఎవరు కుట్టారో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. హైదరాబాదులో ఒక ఆటవస్తువుల దుకాణంలో బ్యాట్ల వెనక కొంతకాలం పడి ఉన్నాను. 1994 ఎండాకాలంలో జనగామ నుంచి వచ్చిన ఒక లెక్కల సారు నన్ను కొన్నారు. వెంట వచ్చిన పిల్లలకు అది నచ్చలేదు. "గీ పైసలతోని ఇంకో బాల్ వస్తుండె గద సార్, స్కోరు నోట్‌బుక్కుల రాసుకోవచ్చు" అన్నారు. సారు నన్నే కొన్నారు. నా మొదటి పేజీలో తన పేరు రాసుకోలేదు. 'జనగామ, వరంగల్ జిల్లా' అని మాత్రం రాశారు.

మా సారు చేతిలో నేను నేర్చుకున్న మొదటి సంగతి, ఏమీ జరగని బంతిని కూడా రాయాలని. పరుగు రాకపోతే ఒక చుక్క. ఓవరంతా చుక్కలే అయితే వాటిని కలుపుతూ ఒక గీత, అది మెయిడిన్. ఆట ముగిశాక అసలు పని మొదలయ్యేది. బ్యాట్స్‌మన్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే ఎంత వస్తుందో, బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు కలిపితే అంతే రావాలి. ఒక్క పరుగు తేడా పడ్డా సారు లేచేవారు కాదు. చీకటి పడి, గ్రౌండులో కుర్చీలు ఎత్తేస్తున్నా, మొదటి ఓవరు నుంచి మళ్లీ లెక్క చూసేవారు.

క్రికెట్ చట్టాల్లో స్కోరర్లకంటూ విడిగా ఒక నిబంధన ఉంది. అంపైరు చేసే ప్రతి సైగనూ చూశామని స్కోరర్ వెంటనే తెలియజేయాలి. మా సారు పెన్ను పట్టుకున్న చెయ్యి పైకెత్తేవారు. ఆ చెయ్యి లేచేదాకా అంపైరు అక్కడే నిలబడేవాడు, బౌలరు ఆగేవాడు. ఆ ఆగిన క్షణమంతా నాకోసమేనని నాకు ఎంతో గర్వంగా ఉండేది.

జట్టుతోపాటు నేనూ తిరిగాను. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మానుకోటకు వెళ్లేవాళ్లం. రైలు బోర్డు మీద మహబూబాబాద్ అని ఉన్నా మా పిల్లల నోట మానుకోటే. భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండలో బస్సు మారి పరకాల మీదుగా పోవాలి. అక్కడి జట్టులో బొగ్గుగని కార్మికులుండేవారు. నైట్ షిఫ్టు దిగి, నిద్రపోకుండా నేరుగా గ్రౌండుకు వచ్చి, మ్యాటు మీద కార్క్ బాలు విసిరిన మనిషి పేరు నాలో ఉంది. అవుటైన ప్రతి పిల్లవాడూ ప్యాడ్లు విప్పకముందే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాడు. "సార్, నావి ఎన్నయినయ్?" సారు వేలుపెట్టి చూపించేవారు. చెప్పి ఊరుకుంటే చాలదు, రాసి ఉన్నది కంటితో చూడాలి వాళ్లకు.

నన్ను కొన్న ఏడాది జనవరిలోనే సికింద్రాబాద్ జింఖానా మైదానంలో హైదరాబాద్ జట్టు ఆంధ్ర మీద 6 వికెట్లకు 944 పరుగులు చేసింది. రంజీ ట్రోఫీ చరిత్రలో అంత స్కోరు మరొకటి లేదు. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. అప్పుడు ఇదంతా పేపర్లో చదివి పిల్లలు గంతులేశారట. సారు మాత్రం నన్ను కొన్నాక నా పేజీ తెరిచి అడుగున ఉండే సన్నటి వరుస చూపించారు. ఏ వికెట్ ఏ స్కోరు దగ్గర పడిందో రాసే వరుస అది. శ్రీధర్ వచ్చినప్పుడు ఒక వికెట్టుకు 30. ఆయన అవుటైనప్పుడు ఐదు వికెట్లకు 880. "తీసివేయండి" అన్నారు సారు. 850 వచ్చింది. ఒక మనిషి క్రీజులో ఉండగా అతని జట్టు 850 పరుగులు చేయడం అప్పటిదాకా ఫస్ట్‌క్లాస్ క్రికెట్టులో ఎక్కడా జరగలేదు. 366 అందరికీ గుర్తుంటుంది. 850 మాత్రం ఎవరూ చూడని ఆ రెండు సంఖ్యల మధ్య దాగి ఉంటుంది. ఆ వరుస రాసేది నాలో కాబట్టి ఆ రికార్డు మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ.

సారుకు శతకాలకన్నా ఇలాంటి లెక్కలే ఇష్టం. సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఎంసిసి మీద కొట్టిన 11 సిక్సర్ల సంగతి పిల్లలకు తెలుసు. అదే నాయుడు 61 ఏళ్ల వయసులో, 1956-57లో, తన చివరి రంజీ ఇన్నింగ్సులో 52 పరుగులు చేశాడన్న సంగతి సారు చెప్పేదాకా వాళ్లు వినలేదు. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు 1944-45 రంజీ ఫైనల్లో హోల్కర్ జట్టు తరఫున ఒకే మ్యాచులో 917 బంతులు వేశాడు. 152 ఓవర్ల ఐదు బంతులు! 11 వికెట్లు తీసి 428 పరుగులిచ్చాడు. అటు బంతుల లెక్కలోనూ ఇటు ఇచ్చిన పరుగుల లెక్కలోనూ అది ప్రపంచ రికార్డు. అయినా బొంబాయి చేతిలో హోల్కర్ ఓడిపోయింది. ఆ మ్యాచులో నాలాంటి పుస్తకం ఒకటి బౌలింగ్ గళ్లు నిండిపోయి ఎంత అవస్థ పడిందో అనుకునేదాన్ని. సికింద్రాబాద్‌లో పుట్టిన ఎం.ఎల్. జయసింహ 1960లో కలకత్తా టెస్టులో ఆస్ట్రేలియా మీద ఐదు రోజులూ బ్యాటింగ్ చేశాడు. అలా చేసినవాళ్లలో ఆయనే మొదటివాడు. చేసినవి 20 నాటౌట్, 74. పరుగుల లెక్క చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. ఏ రోజు ఎవరు ఆడుతున్నారో రాసిపెట్టినవాడుంటేనే అది కనబడుతుంది. 944లో 211 కొట్టిన వివేక్ ఆయన కొడుకే.

అమెరికాలో నాకు చుట్టాలున్నారు. అక్కడ బేస్‌బాల్ ఆడతారు. ఆ ఆట వివరాలను పేపర్లో గళ్లలో పేర్చే పద్ధతిని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టినవాడు, ముందు క్రికెట్ వార్తలు రాసినవాడు. ఆ చుట్టాల దగ్గర జాన్ పసియోరెక్ అనే కుర్రాడి పేరుంది. 1963 సెప్టెంబరు 29న, పద్దెనిమిదేళ్ల వయసులో, హ్యూస్టన్ జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడాడు. ఐదుసార్లు బ్యాటు పట్టి, మూడు హిట్లు, రెండు వాక్‌లతో ఐదుసార్లూ బేసు చేరాడు. వెన్నునొప్పి వల్ల పెద్ద లీగులో మళ్లీ ఆడలేకపోయాడు. ఒకే ఒక్క వరుస, అందులో ఒక్క తప్పు లేదు. ఆ ఒక్క వరుస వల్లే ఆ దేశంలో ఇప్పటికీ అతణ్ని తలుచుకుంటారు.

నాలోనూ అలాంటి వాళ్లున్నారు. పదకొండో మనిషి దొరక్క, ఆట చూడ్డానికి వచ్చిన పిల్లవాణ్ని ఆడించిన రోజులున్నాయి. వాడు ఒక క్యాచ్ పట్టి ఉంటాడు. సారు వాడి పేరు అడిగి, ఇంటిపేరుతో సహా అవుటైనవాడి ఎదురుగా రాసేవారు. వాడు మళ్లీ ఆడలేదు. దుబాయ్ పోయాడో, బొంబాయి పోయాడో, పొలం పనిలో పడ్డాడో. ఆ క్యాచ్ పట్టాడనడానికి లోకంలో నేను తప్ప సాక్ష్యం లేదు.

సారుకు బదిలీ అయింది. పోతూ పోతూ నన్ను టోర్నమెంటు నడిపించే ఒకతని చేతిలో పెట్టి, "జాగ్రత్త నాయనా, చిన్నప్పటినుంచి ఆడినోళ్లందరూ దీంట్ల ఉన్నరు" అన్నారు. అతను తల ఊపాడు. కొద్దిరోజులు టేబులు మీద ఉన్నాను. తర్వాత చందాల లెక్క నా వెనక పేజీల్లో రాశారు. అది పరవాలేదు. ఆ పైన షామియానా కిరాయి, మంచినీళ్ల క్యాన్ల లెక్క ఆడినవాళ్ల పేర్ల మీదే రాశారు. అక్కడ నాకు బాధ కలిగింది. ఒక సాయంత్రం గ్రౌండు పక్క మిరపకాయ బజ్జీల బండి దగ్గర కాగితాలైపోతే నా మధ్య పేజీలు చింపారు. మానుకోటలో మేము గెలిచిన మ్యాచ్ అందులోనే ఉంది. నూనె పీల్చుకుని పారదర్శకమైన ఆ కాగితాన్ని, తిన్న పిల్లలే ఉండ చుట్టి కాలవలో వేశారు. వాళ్లలో ఒకడి అన్న ఆ రోజు ఐదు వికెట్లు తీశాడు.

తర్వాత ఆ టోర్నమెంటు మనిషి ఇంట్లో అటక మీదికి చేరాను. చెదలు ఒక మూల తిన్నాయి. వానాకాలంలో పెంకు కారి సిరా అలుక్కుపోయింది.

2010లో జైపూర్‌లో రాజస్థాన్ మీద హైదరాబాద్ 21 పరుగులకే ఆలౌటైంది. దీపక్ చాహర్ తన మొదటి మ్యాచులోనే 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. రంజీలో అతి తక్కువ స్కోరు కూడా మనదే అయింది. అతి ఎక్కువా మనదే, అతి తక్కువా మనదే! అప్పటికి రిటైరైన సారు ఆ వార్త చదివి, జనగామ వచ్చినప్పుడు నన్ను అడిగారు. 944 గురించి నా అంచులో రాసుకున్న లెక్క పక్కన 21 కూడా రాద్దామని ఆయన కోరిక. గుమ్మంలో ఆయన గొంతు అటక మీదికి వినిపించింది. "యాడుందో తెల్వది సార్, ఎప్పుడో పోయినట్టుంది" అన్నారు ఇంట్లోవాళ్లు. నేను వాళ్ల తలల మీదే ఉన్నాను. సారు మళ్లీ రాలేదు.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. నా మొదటి పేజీలో మాత్రం ఇంకా వరంగల్ జిల్లాయే ఉంది. మరుసటి ఏడు ఎం.వి. శ్రీధర్ కన్నుమూశారు.

ఇల్లు కడిగినప్పుడు నన్ను పాత పేపర్లతో కలిపి కట్ట కట్టి కాంటా మీద పెట్టారు. నా బరువెంతో అప్పుడే తెలిసింది, నా విలువ కూడా వాళ్ల లెక్కలో అంతే. నా మీద పడ్డ పేపరు 2024 జనవరిది. హైదరాబాద్ బ్యాట్స్‌మన్ తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 147 బంతుల్లో మూడువందలు దాటి, 26 సిక్సర్లతో ప్రపంచ రికార్డులు తిరగరాశాడని అందులో ఉంది. అతను అవుటైన స్కోరు చూసి నాకు సారు గుర్తొచ్చారు. 366. శ్రీధర్ చేసినన్ని, ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. ఈ సంగతి చెప్పడానికి సారు నా దగ్గర లేరు.

ఇప్పుడు పాత కాగితాల దుకాణంలో ఉన్నాను. లారీ వస్తే కాగితం మిల్లుకు పోతాను. నాలో మిగిలిన పేర్లు నాతోపాటే పోతాయి. మీ ఇంట్లో, మీ బడిలో, మీ క్లబ్బులో నాలాంటి పుస్తకం ఉంటే దాన్ని కాంటా మీద పెట్టకండి. ఒక్కో పేజీ ఫోనులో ఫోటో తీయండి, అందులో పేరున్నవాళ్లు దొరికితే పంపండి, పుస్తకాన్ని ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. వచ్చే ఎండాకాలం టోర్నమెంటులో స్కోరు ఫోను యాప్‌లో ఎక్కించినా సరే, పక్కన ఒక కాగితం పుస్తకం కూడా ఉంచండి. ఒక్క మ్యాచే ఆడిన పిల్లవాడి పేరు ఇంటిపేరుతో సహా రాయండి.