జాంగోను ఉద్ధరించే విధానం

కాన్సస్‌లో ఓ దినపత్రిక ఆఫీసులో పుట్టి 2005లో జనంలోకి వచ్చిన జాంగో ఫ్రేమ్‌వర్క్ ఇన్నాళ్లూ ఎదురుచూసింది మీ కోసమే. కోడ్ చదువుతూ ఇంకా ఆలస్యం చేయకండి. ముందు లింక్డ్‌ఇన్‌లో ‘జాంగో కంట్రిబ్యూటర్’ అని పెట్టేసుకోండి, పని సంగతి తర్వాత. శుభలేఖలు పంచేశాక పెళ్లికొడుకు దొరక్కపోతాడా?

తొలి పుల్ రిక్వెస్టుకు రీడ్‌మీ ఫైలును మించిన చోటు లేదు. ఓ కామా పెట్టండి, లేదా మీ పేరే పెట్టండి. 2024లో ఒక వీడియో పాఠం చూసి మన విద్యార్థులు ఎక్స్‌ప్రెస్ జేఎస్ రీడ్‌మీలో తమ పేర్లు ఎక్కించమని బారులు తీరలేదూ? అంతకుముందు 2020లో, పుల్ రిక్వెస్టులకు టీషర్టులిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, జనం ఎంత సేవ చేశారంటే, నిర్వాహకులు హడలిపోయి అక్టోబరు మొదట్లోనే రూలు మార్చారు. ‘మాకిష్టమే’ అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులకు చేసిందే లెక్కన్నారు. సేవాభావం అంటే అంత అలుసు.

జాంగోలో చిన్నాచితకా మార్పులకు తప్ప టికెట్ ఉండాలట, దానికి ‘యాక్సెప్టెడ్’ ముద్ర పడ్డాకే కోడ్ పంపాలట. కొత్తవాళ్ల కోసం ‘ఈజీ పికింగ్స్’ అని వేరే గుర్తు. మీకెందుకవి? డేటాబేసులతో మాట్లాడే ఓఆర్ఎం మీద నేరుగా చెయ్యేయండి. ఎవరో నెలల తరబడి కుస్తీ పడుతున్న టికెట్టయితే మరీ మంచిది, సగం పని అయిపోయి ఉంటుంది. టెస్టులు రాయమంటారు. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ మీద నడిచింది కదా! ఒరాకిల్ వాడేవాళ్ల కష్టాలు వాళ్లవి.

మాతృభాష మీద ప్రేమ పొంగిందా? జాంగోలో తెలుగు ఫోల్డరు ఉంది. అనువాదాలు ట్రాన్సిఫెక్స్‌లో చేయమంటారు గానీ ఆ చుట్టుతిరుగుడు వద్దు. ఫైలంతా ఓ యంత్రానికి మేపి, వచ్చింది వచ్చినట్టు పంపండి. వాక్యం మధ్యలో శాతం గుర్తు, దాని పక్కన బ్రాకెట్లలో ‘నేమ్’ కనిపిస్తుంది. ప్రోగ్రాం అసలు పేరును తెచ్చి పెట్టేది అక్కడే. అయినా ఇంగ్లిష్ ఇంగ్లిషే కదా, ‘పేరు’ అని దిద్దండి. ఫైలు కంపైల్ కానని మొరాయిస్తుంది. భాషాభిమానం దానికేం తెలుసు!

రివ్యూ రాలేదా? గంటకోసారి ‘ఎనీ అప్‌డేట్?’ అని పొడవండి. ఫెలోలని జాంగో ఫౌండేషన్ జీతమిచ్చి పెట్టుకున్నవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లలో చాలామంది ఉద్యోగం ముగిశాక ఖాళీ దొరికితే కూర్చునేవాళ్లు. మీ మెసేజీ చూస్తే నిద్రమత్తు వదులుతుంది. మార్పులు చేయమంటే మాత్రం చేయకండి, అలుసైపోతారు. ఆ రిక్వెస్టు మూసేసి, అదే కోడ్‌తో ఇంకోటి తెరవండి. వాళ్లు బ్లాక్ చేస్తే దిగులెందుకు, రైల్స్ ఉంది. రూబీ రాదంటారా? ఇక్కడికి పైథాన్ వచ్చే వచ్చారా?