కుడి పక్క గుడి

స్క్రీన్‌షాట్ తీశాక అంచులు కత్తిరించకండి. నా మొదటి సలహా ఇదే, కంప్యూటరు తెలిసినవాళ్లంతా అడ్డం చెప్పే సలహా కూడా ఇదే. కావలసిన ముక్క వరకే తీసుకో, పైన బ్రౌజరు పట్టీ, కింద గడియారం, చుట్టూ ఎవరివో మెసేజీలు, ఆ చెత్తంతా దేనికి అంటారు. ఆఫీసు పనికి వాళ్ల మాట సరే. ఇంటి మాటలు దాచుకోవాలనుకునేవాళ్లకు ఆ చెత్తే ప్రాణం.

మాది కోయంబత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నల్లరేగడి చేలల్లో పత్తి పండించిన తాతలు మాట్లాడినదీ, 1910లో లక్ష్మీ మిల్స్ వచ్చాక బట్టల మిల్లుల చుట్టూ పెరిగిన పేటల్లో మాట్లాడినదీ ఈ తెలుగే. మాట నిలిచింది గానీ అక్షరం నిలవలేదు. మా పెద్దమ్మది మదురై. మదురై నాయక రాజు విజయరంగ చొక్కనాథుడి కొలువులో, అంటే 1706 నుంచి 1732 దాకా, సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాసిన రాజ్యానికి పేరిచ్చిన ఊరు అది. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన పెద్దమ్మకు తెలుగు చదవడం రాదు. ఫోన్లో మాకు తెలుగులోనే రాస్తుంది, తమిళ అక్షరాలతో.

తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకు ఒకటి, త, ద లకు ఒకటి, ప, బ లకు ఒకటి. బావ అని రాస్తే పావ అనీ చదవొచ్చు, గడప అని రాస్తే కడప అనీ చదవొచ్చు. ఒకసారి మా కులదేవత గుడికి ఎవరో దారి అడిగితే, నేను లేని ఫ్యామిలీ గ్రూపులో పెద్దమ్మ మూడు మాటలు రాసింది. మా మేనల్లుడు వాటిని చక్కగా కత్తిరించి, ఆ మూడు మాటలే బొమ్మ చేసి నాకు పంపాడు. మొదటి మాటా మూడో మాటా అచ్చం ఒకేలా ఉన్నాయి. నేను దాన్ని "గుడి పక్క కుడి" అని తెలుగులోకి ఎత్తి రాసుకున్నాను. గుడి పక్క నుంచి కుడి వైపు తిరగాలన్నమాట అనుకున్నాను. దానికి పైన ఎవరేం అడిగారో, కింద పెద్దమ్మ ఇంకేం చెప్పిందో ఆ బొమ్మలో లేదు. వాళ్లిద్దరూ ఫోన్లు మార్చేశారు, పాత మెసేజీలు పోయాయి. ఏడాది పాటు నా దగ్గర ఆ ముక్క సరో తప్పో తేలకుండా అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి తెర మొత్తం తీస్తాను, మిమ్మల్నీ తీయమంటాను. ఎవరు అడిగారు, ఏ పూట అడిగారు, జవాబు ఎంతసేపటికి వచ్చింది, ఇవన్నీ మాటకు అర్థం చెబుతాయి. బ్యాంకు పేజీలాంటివి తెరిచి ఉంటే మాత్రం ముందు మూసేయండి. అది దాపరికం కాదు, జాగ్రత్త.

రెండో సలహా: సులువు దారి పట్టకండి. విండోస్ కీ, ప్రింట్ స్క్రీన్ కలిపి నొక్కితే బొమ్మ దానంతట అదే పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ ఫోల్డరులో చేరిపోతుంది. స్క్రీన్‌షాట్ ఒకటి, రెండు, మూడు అంటూ అంకె వేసుకుపోతుంది. నాకలా నాలుగు వందల పైచిలుకు పోగయ్యాయి. ఏది ఎవరి మాటో తెలియక ఆదివారాలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఒట్టి ప్రింట్ స్క్రీన్ నొక్కుతాను, పెయింట్ తెరుస్తాను, కంట్రోల్ వి కొడతాను, కంట్రోల్ ఎస్ కొడతాను. అప్పుడు కంప్యూటరు పేరేమిటని అడుగుతుంది. ఆ ప్రశ్న కోసమే ఇంత చుట్టుతిరుగుడు. పేరు పెట్టాలంటే ఆ మాటను ఒకసారి నోటితో అనుకోవాలి. "అంగడి, పెద్దమ్మ, మదురై" అని తెలుగులోనే పెట్టండి, విండోస్ ఒప్పుకుంటుంది. ప్రశ్న గుర్తు మాత్రం ఫైలు పేరులో పెట్టనివ్వదు. అందుకే నా దగ్గర "ఏంటికి" అనే ఫైలు గుర్తు లేకుండానే ఉంది. విండోస్ 11లో ప్రింట్ స్క్రీన్ నొక్కితే స్నిప్పింగ్ టూల్ ముందుకొస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్, అక్కడి స్విచ్ ఆపేస్తే పాత పద్ధతికి వచ్చేస్తుంది. పెయింట్‌లో పేస్ట్ చేయకముందే మళ్లీ నొక్కితే మొదటి బొమ్మ పోయి రెండోది దాని చోట కూర్చుంటుంది. నాకు అలా ఎన్ని పోయాయో.

అక్షరాలు కాపీ చేసుకుంటే చాలదా, బొమ్మలో మాటను వెతకలేం కదా అని మా ఆఫీసులో కుర్రాడు అడిగాడు. చాలదు. 1999లో మా చెల్లెలి పెళ్లికి తెలుగు శుభలేఖ కంపోజు చేయించాం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా విండోస్‌కు తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో. అప్పటిదాకా ఏ షాపు ఫాంటు ఆ షాపుదే. ఆ ఫైలు ఇప్పుడు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి, మా నాన్న పేరు కూడా పోల్చుకోలేను. ఆ రోజు షాపతను తెరను బొమ్మగా తీసి ఫ్లాపీలో వేసిచ్చాడు. అది మాత్రం ఇవాళ్టికీ ఒత్తులతో సహా అలాగే తెరుచుకుంటుంది. పీఎన్‌జీగా దాచండి. జేపీజీలో అక్షరాల అంచుల చుట్టూ మసక పడుతుంది, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియాల్సిన మనకు అది పనికిరాదు. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి.

ఇంకొకటి, తెరను రెండు భాగాలు చేయండి. విండోస్ కీతో ఎడమ బాణం నొక్కితే పెద్దమ్మ తమిళ అక్షరాల మెసేజీ ఎడమకు వెళుతుంది, కుడి బాణంతో నోట్‌ప్యాడ్ కుడికి వస్తుంది. అందులో అదే మాట తెలుగులో టైపు చేసి అప్పుడు తీయండి. తావు, అంగడి లాంటి మాటలకు చికాగో విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఉన్న బ్రౌన్ నిఘంటువు పేజీ కూడా తెరిచి ఇంకో షాట్ తీస్తాను, మా పెద్దమ్మ మాటను బ్రౌన్ దొర కూడా విన్నాడని తెలిస్తే కలిగే సంతోషం వేరు. టైపు చేసేటప్పుడు పెద్దమ్మను దిద్దకండి. ఆవిడ "ఏంటికి" అంటే "ఎందుకు" అని రాయకండి. కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ కరిసల్ (నల్లరేగడి) సీమ తమిళ పలుకుబడికి నిఘంటువే కూర్చారు. మన ఇంటి తెలుగుకు ఆ పని ఇంకెవరో చేసిపెడతారని నేను చేతులు కట్టుకుని కూర్చోలేను.

చివరిది అందరూ ఏవగించుకునే పని. ఫోనుతో కంప్యూటరు తెరను ఫొటో తీయడం. చారలు పడతాయి, ట్యూబులైటు మెరుస్తుంది, ఒప్పుకుంటాను. అయినా తీయండి. మొన్న పొంగలికి పెద్దమ్మ వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, దాచినవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూపించాను. ఎడమవైపుది ఆవిడ చదువుతుంది, కుడివైపుది నేను పైకి చదువుతాను. మేనల్లుడు కత్తిరించిన ఆ మూడు మాటలు వచ్చాయి. "గుడి పక్క కుడి" అని చదివాను.

"ఏమిరా, తలకిందులు చేసినావు" అని పెద్దమ్మ ముందుకు వంగి తెర మీద వేలు పెట్టింది. మొదటి మాట మీద వేలు ఆనించి "ఇది కుడి" అంది. మూడో మాట దాకా జరిపి "ఇది గుడి" అంది. "పోతా ఉంటే కుడి పక్కన గుడి వస్తాది. తిరిగే పనే లేదు."

ప్రింట్ స్క్రీన్ నొక్కితే వేలు పడదు. జేబులోంచి ఫోను తీసి, "పెద్దమ్మా, వేలు అట్లే పెట్టు" అన్నాను. తెర మీద అడ్డంగా చారలు, గాజు మీద వేలిముద్ర మరక, గోటి అంచున పసుపు, గోటి కింద ఆ మూడో మాట. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, పెయింట్‌లో తెరిచి, సేవ్ యాజ్ నొక్కాను. పేరేమిటని అడిగింది. "కుడి పక్క గుడి, పెద్దమ్మ వేలు" అని పెట్టాను.