రంధ్రాన్వేషకులు, రంధ్రపూరకులు

గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఓ పేద్ద అంతరిక్ష నౌక ఆకాశం నుంచి కూలింది. కూలినది కూలినట్టు పడుండక, అంచు మీద లేచి చక్రంలా దొర్లడం మొదలెట్టింది. దాని ముందు ఇద్దరు ఆడవాళ్లు పరుగెడుతున్నారు. నౌక ఎటు దొర్లుతోందో సరిగ్గా అటే. పక్కకు పది అంగలు వేస్తే గండం గడుస్తుంది. ఆ సంగతి థియేటర్లో పాప్‌కార్న్ తింటున్న ప్రతివాడికీ తెలుసు. చివరికి ఒకావిడకి తట్టింది. కిందపడి, పక్కకు దొర్లి, ఓ బండరాయి పుణ్యాన బతికింది. రెండో ఆవిడ మెరిడిత్ వికర్స్. లక్ష కోట్ల డాలర్ల యాత్ర మీద కంపెనీ తరఫున పెత్తనం చెయ్యడానికి వచ్చిన మనిషి. కడదాకా గీత గీసినట్టు తిన్నగా పరుగెత్తి అప్పడమైపోయింది.

రిడ్లీ స్కాట్ 'ప్రొమీథియస్' 2012లో వచ్చింది. ఆ పరుగు మీద పంచాయితీ నేటికీ తెమల్లేదు. రెండు పక్షాలున్నాయి. మొదటిది రంధ్రాన్వేషకుల పక్షం. వీళ్ల వాదం ఒకటే, పక్కకు ఎందుకు తప్పుకోలేదు? రెండోది రంధ్రపూరకుల పక్షం. వీళ్ల దగ్గర సమాధానాలకు కొదవలేదు. రెండు వైపులా శకలాలు రాలుతున్నాయి, చూసుకోలేదా? నౌక వెడల్పు ఎంతో కొలిచారా? మేం కొలిచాం. బొమ్మను ఫ్రేము ఫ్రేముగా ఆపి, మనిషి ఎత్తుతో పోల్చి, నౌక కైవారం తేల్చి, ఎన్ని సెకన్లు చేతిలో ఉన్నాయో లెక్కగట్టాం. అప్పడమైన మనిషికి ఇంత శ్రద్ధగా పంచనామా చేసినవాళ్లు నిజజీవితంలో ఉండరు.

అసలు గొడవ ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 1979కి వెళ్లాలి. 'ఏలియన్'లో నోస్ట్రోమో అనే సరుకుల నౌక సిబ్బంది ముగ్గురు, ఊరూ పేరూ తెలియని ఉపగ్రహం మీద పాడుబడ్డ ఓ నౌకలోకి నడుస్తారు. లోపల ఒక కుర్చీ. కుర్చీలో ఓ మహాకాయుడి కళేబరం, కుర్చీలోంచే మొలిచినట్టు. పక్కటెముకలు బయటికి వంగి ఉన్నాయి, లోపలి నుంచి ఏదో పేలినట్టు. ఎప్పుడో చచ్చిపోయాడు, శిలాజమైపోయాడు అంటాడు కెప్టెన్ డాలస్. అంతే. వాడెవడు, ఎక్కడివాడు, ఎటు పోతున్నాడు, ఒక్క ముక్క లేదు. స్విస్ చిత్రకారుడు హెచ్.ఆర్.గీగర్ ఊహించిన ఆ కళేబరానికి 'స్పేస్ జాకీ' అని పేరు పడింది. డైలాగు లేదు, కదలిక లేదు, తెర మీద ఉన్నది కాసేపే. అయినా ముప్పై మూడేళ్లు జనం ఆ కుర్చీ గురించే మాట్లాడుకున్నారు.

హాలీవుడ్‌కి అదే కంటగింపైంది. జనం ఏదైనా ప్రశ్న ఊరికే అనుభవిస్తుంటే దానికి టిక్కెట్టు పెట్టకుండా ఉండలేదు ఆ పరిశ్రమ. జాన్ స్పేట్స్ ముందు రాసిన కథ 'ఏలియన్'కు నేరుగా పూర్వకథ. తర్వాత డేమన్ లిండెలాఫ్ వచ్చి దాన్ని కాస్త ఎడంగా జరిపారు. ఇది సూటిగా ప్రీక్వెల్ కాదు, 'ఏలియన్' డీఎన్ఏ పోగులు మాత్రం ఉన్నాయి అని విడుదలకు ముందు స్కాట్ చెబుతూ వచ్చారు. పెళ్లి కాదు, నిశ్చయ తాంబూలమూ కాదు, ఊరికే చూసిపోవడానికి వచ్చాం అనే మగపెళ్లివారి మాట ఇది. తప్పు పట్టబోతే మాది ప్రీక్వెల్ కాదంటారు, టిక్కెట్టు కొనబోతే ప్రీక్వెలే అంటారు.

సరే, తెర తీశారు. కుర్చీలో ఉన్నది కళేబరం కాదుట, తొడుగుట. మొహం మీది ఏనుగు తొండం లాంటిది శిరస్త్రాణంట. విప్పితే లోపల పాలరాతి రంగులో, కండలు తిరిగి, నున్నటి గుండుతో ఓ మనిషి. వీళ్ల పేరు ఇంజినీర్లు. మానవజాతిని సృష్టించింది వీళ్లేనట. ఈ ఒక్క ప్రతిపాదనకు తెలుగు ప్రేక్షకుడి నుంచి అభ్యంతరం రాదు. మన ఇళ్లలో ఇంటికొకరున్నారు కాబట్టి వాళ్ల స్వభావం మనకు తెలుసు. సృష్టించినవాళ్లే మనల్ని ఎందుకు నాశనం చెయ్యాలనుకున్నారన్నది సినిమా చివరిదాకా చెప్పదు. తాను రాసిన కోడ్‌ని తానే ఎందుకు తీసిపారేశాడో ఏ ఇంజినీరు మాత్రం చెప్పాడు కనుక?

అభిమానికి మాత్రం నిద్రపట్టలేదు. 1979 కుర్చీలోని శాల్తీ ఈ ఇంజినీర్ల కంటే బాగా పెద్దది, కొలతలు కలవట్లేదు! పూరకులు వెంటనే జాతులు కనిపెట్టారు. పెద్ద ఇంజినీర్లు, చిన్న ఇంజినీర్లు. తొడుగు పెరుగుతుందనే శాఖ మరొకటి. ఇందులో తమాషా ఏమిటంటే, 1979లో ఆ సెట్టు మరింత పెద్దదిగా కనిపించడానికి స్కాట్ చిన్నపిల్లలకు రోదసి దుస్తులు తొడిగి కళేబరం పక్కన నిలబెట్టారు. వాళ్లలో ఆయన కొడుకులిద్దరూ ఉన్నారు. అంటే మన శాస్త్రజ్ఞులు పెద్దమనిషి ఎత్తు అనుకుని చేత పట్టుకున్న కొలబద్ద దర్శకుడి గారి అబ్బాయి.

ఇక యాత్రకు వెళ్లిన పదిహేడుమంది ప్రతిభావంతుల సంగతి. ఫైఫీల్డ్ భూగర్భ శాస్త్రవేత్త. సొరంగాల పటం గీసే ఎగిరే యంత్రాలు ఆయనవే. దారి తప్పింది కూడా ఆయనే. వెంట ఉన్న మిల్‌బర్న్ జీవశాస్త్రవేత్త. రెండువేల ఏళ్ల కింద చచ్చిన గ్రహాంతరవాసి శవాన్ని చూసి, ఇది మన వల్ల కాదని వెనక్కి తిరిగాడు. ఆ రాత్రే నల్లటి మడుగులోంచి పాము లాంటిది పడగ విప్పి లేస్తే, ముద్దొస్తున్నావే అన్నట్టు చెయ్యి చాచాడు. మరొకాయన గాలి బాగానే ఉంది కదా అని అందరికంటే ముందు శిరస్త్రాణం తీసేశాడు. వీళ్లకు పూరకులు చెప్పే సమర్థన: కంపెనీకి అసలు విషయం వేరే ఉంది, అందుకే చవగ్గా దొరికినవాళ్లను తెచ్చింది. లక్ష కోట్ల డాలర్ల ఖర్చులో జీతాల దగ్గరే పొదుపు చేశారన్నమాట. ఈ ఒక్క సమర్థన మాత్రం నమ్మదగ్గదే. కార్పొరేట్ లోకం తెలిసినవాడు కాదనలేడు.

వీటన్నిటికంటే నాకు ప్రీతిపాత్రమైనది డేవిడ్ లెక్క. డేవిడ్ మనిషి కాదు, మనిషి లాంటి యంత్రం. సిబ్బంది నిద్రలో ఉంటే రెండేళ్లపాటు ఒంటరిగా నౌకను కాపు కాశాడు. పురాతన భాషలు నేర్చాడు, 'లారెన్స్ ఆఫ్ అరేబియా' చూసి జుట్టు రంగు మార్చుకున్నాడు. వికర్స్ నిద్రలేచి ఎంతకాలమైందని అడుగుతుంది. డేవిడ్ తడుముకోకుండా చెబుతాడు: 2 సంవత్సరాల 4 నెలల 18 రోజుల 36 గంటల 15 నిమిషాలు.

ముప్పై ఆరు గంటలు! రోజుకు ఇరవై నాలుగు గంటలు తీసేసి, 19 రోజుల 12 గంటలు అని చెప్పడానికి మూడో తరగతి చాలు. అన్వేషకులు పండగ చేసుకున్నారు. పూరకులు తగ్గుతారా? డేవిడ్ కావాలనే అలా చెప్పాడు, నిద్రమత్తులో ఉన్న వికర్స్ పట్టుకుంటుందా లేదా అని పరీక్షించాడు అన్నారొకరు. అప్పటికే వాడి మెదడు చెడటం మొదలైందనడానికి అది మొదటి సూచన అన్నారు మరొకరు. మా మేనల్లుడిది మూడో మతం. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆదివారం మా ఇంట్లో భోజనం.

"మామయ్యా, ఆ 36 గంటలు నౌక ఆగాక గడిచినవి. ప్రయాణం వేరు, ఆగింది వేరు. అందుకే విడిగా చెప్పాడు."

"ఎక్కడుందిరా ఆ ముక్క?"

"సినిమాలో ఉండదు మామయ్యా. మనం అర్థం చేసుకోవాలి."

పప్పులో నెయ్యి వేస్తూ మా ఆవిడ అంది, "డైలాగు రాసినాయన కూడికలో తప్పు చేశాడేమోరా అబ్బీ." వాడు ఆవిడ వైపు చూసిన చూపు, గుళ్లో చెప్పులతో నడిచినవాళ్ల వైపు చూసే చూపు.

ఆ నౌకలో లెక్కలు రానిది డేవిడ్‌కి ఒక్కడికే అనుకుంటే పొరపాటు. భూమి నుంచి దూరం 3.27 కోట్ల కోట్ల కిలోమీటర్లు అని తెర మీద అక్షరాలు పడతాయి. అంటే సుమారు 35 కాంతి సంవత్సరాలు. రెండున్నరేళ్లు తిరక్కుండా అంతదూరం వెళ్లారంటే కాంతి కంటే పద్నాలుగు రెట్ల పైచిలుకు వేగం. పోనీ అనుకుందాం. కాసేపటికి వికర్స్ నోటివెంట అర బిలియన్ మైళ్ల దూరం వచ్చామన్న మాట వస్తుంది. అంటే 80 కోట్ల కిలోమీటర్లు. అంతదూరానికి మనం గురుగ్రహం చుట్టుపక్కలే ఉంటాం, పొలిమేర కూడా దాటం. ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ కూడా దీన్ని ఎత్తిచూపారు. పూరకుల జవాబు: ఆవిడ మేనేజ్‌మెంట్ మనిషి కదా! నిజానికి దీనికి తిరుగు లేదు.

అన్నీ ఇలాంటివే అంటే అన్యాయం చేసినట్టవుతుంది. బండరాయి పుణ్యాన బతికిన ఎలిజబెత్ షా, కడుపులో పడ్డ వింత జీవిని తానే శస్త్రచికిత్స పెట్టెలో పడుకుని తీయించుకునే ఘట్టం చూడండి. ఆ యంత్రం, నేను మగ రోగులకు మాత్రమే పనిచేస్తాను అంటుంది. అదెక్కడి చోద్యం, వికర్స్ గదిలో మగవాళ్ల యంత్రమేమిటి అని మొదటి రోజే అడిగారు. జవాబు సినిమాలోనే ఉంది. కంపెనీ యజమాని ముసలి వేలండ్ నౌకలో రహస్యంగా పడుకుని ఉన్నాడు, యంత్రం ఆయన కోసం. దర్శకుడు తెలివిగా వదిలిన ఆనవాలును ప్రేక్షకుడు తెలివిగా పట్టుకున్నాడు. ఆ తర్వాత పొట్ట మీద స్టేపుల్స్‌తో ఆవిడ పరుగెత్తి, గెంతి, వేలాడిందే, దానికి మాత్రం ఏ వ్యాఖ్యానమూ చాలదు. మన ఇళ్లలో ఆపరేషనైన కోడలిని మూడో నెల దాకా బిందె ఎత్తనివ్వరు.

మరో పెద్ద కేసు కంప్యూటర్లది. 2093లో వెళ్లిన ప్రొమీథియస్‌లో గాల్లో తేలే బొమ్మలు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 2122లో తిరిగే నోస్ట్రోమోలో ఆకుపచ్చ అక్షరాల డబ్బా తెరలు. కాలం వెనక్కి నడిచిందా? దీనికి మావాడి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: "ముఖ్యమంత్రి కాన్వాయ్‌లో కారూ, ఇసుక లారీ ఒక్కటేనా మామయ్యా?" బాగానే ఉంది. ఒకటి 1979లో తీశారు, ఇంకొకటి 2012లో తీశారు అనే సమాధానం ఇంకా బాగుంటుంది కానీ అందులో అభిమానానికి చోటు లేదు.

ఇన్ని చిల్లులూ ఒక ఎత్తు, 2017లో వచ్చిన 'ఏలియన్: కవనెంట్' ఒక ఎత్తు. దీని కథ 2104లో జరుగుతుంది. ఇంజినీర్ల లోకానికి వెళ్లి వాళ్లను నిలదీస్తానని బయల్దేరిన షా ఏమైందా అని జనం అయిదేళ్లు ఎదురుచూశారు. ఏమవుతుంది, తెర వెనకాలే చచ్చిపోయింది. ఇంజినీర్లూ పోయారు, డేవిడ్ ఒక్క పూటలో ఊడ్చేశాడు. పైగా 'ఏలియన్'లోని ఆ భయంకర జీవిని ప్రయోగాలు చేసి చేసి పుట్టించింది తానే అన్నట్టు తిరుగుతుంటాడు. ఇక్కడ చిక్కుముడి పడింది. ఆ జీవి 2104లో పుడితే, 2122లో దాని గుడ్ల గుట్ట మీద, ఆ కుర్చీలో శిలాజమై కూర్చున్న మహాకాయుడు ఎప్పుడు చచ్చినట్టు? పద్దెనిమిదేళ్లలో శిలాజమా?

పూరకుల ప్రతిభ అసలు వెలిగింది ఇక్కడే. డేవిడ్ చేసింది సృష్టి కాదు, పాత సూత్రానికి కొత్త నకలు అన్నది ఒక వాదం. దీనికి సాక్ష్యంగా 'ప్రొమీథియస్'లో జాడీల గది గోడ మీద ఆ జీవిని పోలిన శిల్పాన్ని చూపిస్తారు. కాస్త బలమైన వాదమే. రెండోది, ఆ తొడుగు ఎముకలా ఉండటంతో శిలాజంలా కనిపించిందని. మూడోది చూడండి, డాలస్ సరుకులు తోలుకునేవాడు, శిలాజమో కాదో తేల్చడానికి వాడికున్న అర్హత ఏమిటి? ఇందాకటి సినిమాలో భూగర్భ శాస్త్రం చదివినాయన చేతిలో పటం ఉండి దారి తప్పితే తప్పు లేదు, ఈ సినిమాలో చదువుకోని లారీ కెప్టెన్ నిజం చెబితే నేరమైంది.

మెదక్ సీమ కొలచారానికి చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ ఒక ప్రతిజ్ఞ చేశాడు. మూలంలో ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని. ఈ రెండు షరతులూ పెడితే మన పూరకుల దుకాణాలన్నీ సాయంత్రానికి మూతపడతాయి. అలాగని వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. వ్యాసభారతంలో లేని శశిరేఖను 'మాయాబజార్'లో చూసి, ఈవిడెక్కడిదని అడక్కుండా గోంగూరతో సహా ఆరగించిన జాతి మనది. శశిరేఖను పెట్టినవాళ్లు ఆ మూడు గంటలు మనకు అడిగే తీరిక ఇవ్వలేదు. 'ప్రొమీథియస్' అడుగడుగునా తీరిక ఇచ్చింది. తేడా అక్కడే ఉంది.

ఈ పూరకులు చేస్తున్నది జీతం లేని కథా రచన అని స్టూడియో ఎప్పుడో గ్రహించింది. అవసరమైన అతుకులు తనూ సినిమా బయట వేస్తూ వచ్చింది. పడుచువాడైన గై పియర్స్‌కి అంత మేకప్ వేసి ముసలి వేలండ్‌ని ఎందుకు చేశారు? 2023లో వేలండ్ టెడ్ ప్రసంగం ఇచ్చినట్టు తీసిన ప్రచార వీడియోలో ఆయన పడుచుగా ఉంటాడు. సినిమా టిక్కెట్టు కొన్నవాడికి మాత్రం ముడతలే దక్కాయి. చివర్లో డేవిడ్ ఇంజినీరుతో ఏమన్నాడు, అంత కోపమెందుకొచ్చింది? తెర మీద అనువాదం లేదు. ఆ భాష తయారుచేసిన భాషావేత్త తర్వాత చెప్పిన దాన్నిబట్టి, ఈయన చావకుండా ఉండాలని వచ్చాడు, ఇంకాస్త ఆయుష్షు ఇవ్వగలవని నమ్ముతున్నాడు అన్నాడట. ఆ కాస్త వాక్యం తెర కింద వేస్తే అక్షరానికి ఎంత పడుతుందో నాకు తెలియదు కానీ, లక్ష కోట్లలో సర్దుకోవచ్చు.

2024లో 'ఏలియన్: రోములస్' 'ప్రొమీథియస్' జాడీల్లోని నల్లద్రవాన్ని మళ్లీ సీసాలోకి ఎక్కించింది. 2025లో వచ్చిన 'ఏలియన్: ఎర్త్' సీరియల్ కథాకాలం 2120. అందులో మళ్లీ డబ్బా తెరలు, మీటల చప్పుడు. దాని కర్త నోవా హాలీ, ఈ ప్రీక్వెల్ ఉదంతం తన కథకు పెద్దగా పనికిరాదని దాచుకోకుండా చెప్పేశారు. ఇసుక లారీ సిద్ధాంతం ఇప్పుడు సీరియల్‌కి కూడా సరిపడేలా సాగదీయాలి. మా మేనల్లుడు సెలవు పెట్టాడని వినికిడి.

ఇవేవీ ఇంకా చూడని పాఠకులకు ఒక మనవి. 2093, 2104, 2120, 2122 అంటూ కథలోని సంవత్సరాల వరుసలో చూడమని మీకు తెలిసిన వీరాభిమాని తప్పకుండా సలహా ఇస్తాడు. వినకండి. 1979 నాటిది ముందు చూడండి. తర్వాత 1986లో జేమ్స్ కామెరాన్ తీసిన 'ఏలియన్స్' చూడండి. ఆ తర్వాత కూడా మీకు తీరికా, ఓపికా, వాదించడానికి ఒక మేనల్లుడూ ఉంటేనే 'ప్రొమీథియస్' జోలికి వెళ్లండి. చూసేటప్పుడు పక్కన కాల్‌క్యులేటర్ పెట్టుకోవద్దు.