మందు కాదండీ, అరకు పసుపే!

అరకు పేరు చెబితే ఇన్నాళ్లూ కాఫీ, బొంగు చికెన్. ఇప్పుడు గుళికలు. సీసా మీద కొండ, మంచు, థింసా ఆడే ఆడవాళ్లు. లోపల పసుపు సారం, మిరియాల సారం. కీళ్లకట, 'గిరిజన రహస్యమ'ట. పాడేరు సంతకు పసుపు కొమ్ములు మోసుకొచ్చే మనిషికి మాత్రం ఆ రహస్యం ఇంకా ఎవరూ చెప్పలేదు. కాలేయానికి కూడా మంచిదట! 2019లో ఇటలీలో పసుపు గుళికలు వాడినవాళ్లకు కాలేయం వాచిన సంగతి వేరు.

ఆపరేషన్ ముందు రోజు మత్తు డాక్టరు అడుగుతారు: "మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, ఏమీ లేవండీ."

పొద్దున పసుపు గుళికలు, మధ్యాహ్నం వెల్లుల్లి సారం, రాత్రి అశ్వగంధ. అవి మందులెలా అవుతాయి, చెట్టువి కదా! గన్నేరూ చెట్టే.

ఇక మిరియం. పసుపులోని కుర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు మిరియంలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జోడించి ఇస్తే, రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. ఆ '20 రెట్లు' ఇప్పుడు సీసాల మీద పెద్దక్షరాల్లో ఉంది. ఎలా పెరిగిందో మాత్రం ఉండదు.

లోపలికి వచ్చినదాన్ని విరగ్గొట్టి బయటికి పంపే పేగుల పనినీ, కాలేయం పనినీ పైపరిన్ మందగింపజేస్తుంది. కాపలావాడికి తాగబోసి, సరుకు బాగా చేరిందని డప్పు కొట్టుకున్నట్టు! ఆ తెరిచిన గేటులోంచి పసుపొక్కటే రాదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రొప్రనోలాల్ కూడా రక్తంలో పెరుగుతాయి. 'మా అమ్మమ్మ తినలేదా?' అంటారు. తినింది. కూరలో చిటికెడు, చారులో నాలుగు గింజలు. సీసాలు ఖాళీ చేయలేదు.

వెల్లుల్లి సారం నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల పని తగ్గిస్తుంది, కుర్కుమిన్ మీదా ప్రయోగశాలల్లో అదే అనుమానం. అశ్వగంధ మత్తుకు మత్తు తోడు.

నవ్వింది చాలు. బల్ల మీద నెత్తురు ఆగకపోతే ఎక్కించేది గుళికలు కాదు, రక్తం. ఏజెన్సీలో ఆ రక్తం కోసం ఎదురుచూసేదెవరు? ఒంట్లో నెత్తురు లేక కాన్పుకొచ్చిన తల్లి, సికిల్ సెల్ ఉన్న పిల్లాడు. డోలీలో రోడ్డు దాకా, అక్కణ్నుంచి పాడేరు, అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్. వాళ్ల బొమ్మ మీ సీసా మీద వేసుకుని, వాళ్లకు అందాల్సిన సీసా ఎత్తుకుపోవడానికి సిగ్గుండాలి!

'ఔషధ వినియోగానికి కాదు' అని ఆ గుళికల సీసా వెనకే చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. 2016 నాటి నిబంధనలు రాయమన్నాయి కాబట్టి రాశారు. ఆపరేషన్‌కు రెండు వారాల ముందే ఇవన్నీ ఆపమంటారు డాక్టర్లు. ఆపితే మిగిలే డబ్బుతో పాడేరు సంతలో పసుపు కొమ్ములు కొనండి. బేరమాడకుండా.