సర్వర్‌కూ ఒక తేమ మీటరు

పత్తికి గులాబీ రంగు పురుగు పడితే లింగాకర్షక బుట్టలు పెట్టుకోమంటుంది వ్యవసాయ శాఖ. సర్వర్ పడిపోతే ఏ బుట్ట పెట్టాలో ఇంతవరకూ ఏ శాఖా చెప్పలేదు. ఆదోని, ఎమ్మిగనూరు పక్క పత్తి రైతుకు ఈ రెండో తెగులే ఇప్పుడు ముదిరింది. పురుగు కాయను తింటుంది, ఇది రోజుల్ని తింటుంది.

మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే 2025-26 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ) వారి కపాస్ కిసాన్ యాప్‌లో రైతు పేరు నమోదు కావాలి. ఆ తర్వాత ఏ రోజు ఏ జిన్నింగ్ మిల్లుకు సరుకు తోలాలో స్లాట్ పట్టుకోవాలి. రైతు ట్రాక్టర్ వేసుకొచ్చి మిల్లు గేటు ముందు పడిగాపులు పడకూడదన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. గేటు ముందు పడాల్సిన పడిగాపులు ఇంట్లోనే, ఫోను ముందు, మంచం మీద కూర్చుని పడొచ్చు. ఫోను రానివాళ్లు సేవా కేంద్రానికి వెళ్లి పడొచ్చు.

"పెద్దనాయనా, సర్వర్ బిజీ. రేప్పొద్దున రా."

"నిన్న కూడా ఇదే మాట జెప్తివి కదా నాయనా. సేన్లో కూలోళ్లను నిలబెట్టి వచ్చినా. నాకంటే అంత పనేముంది దానికి?"

"పైనుంచే ప్రాబ్లమ్ పెద్దనాయనా."

ఈ 'పైన' అన్నది ఆకాశం కాదు. ఏసీ గదిలో ఒక రాక్, అందులో డిస్కులు, వాటి మీద డేటాబేస్. అక్కడ జరిగే వింత ఏమీ లేదు. లక్షల వరుసలున్న పట్టికలో ఒక రైతు ఆధార్ నంబరు వెతకాలి. ఆ నంబరు మీద ఇండెక్స్ కట్టి ఉంటే నాలుగైదు మెట్లలో దొరుకుతుంది. లేకపోతే డేటాబేస్ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదువుతూ పోతుంది. ఒక్క రైతుకైతే ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు. స్లాట్లు తెరిచిన నిమిషంలో వేలమంది ఒకేసారి నొక్కితే డిస్కు చేతులెత్తేస్తుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే మామూలు హార్డ్ డిస్కు, అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా ఉన్న డేటాను సెకనుకు వందసార్లు చదివితేనే గొప్ప. ఎస్ఎస్‌డీ అయితే వేలల్లో చదువుతుంది. ఇక నాలుగు డబ్బులు మిగులుతాయని డిస్కులను రెయిడ్-5 పద్ధతిలో గుంపుగా కడితే, ఒక చిన్న రాతకు నాలుగు పనులు పడతాయి: పాత డేటా చదవాలి, పాత పారిటీ (డిస్కు పోతే డేటాను తిరిగి రాబట్టే లెక్క) చదవాలి, కొత్తవి రెండూ రాయాలి. రెయిడ్-10లో రెండు రాతలతో సరి.

ఇవేవీ మంత్రాలు కావు. హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఏళ్ల తరబడి చెబుతున్న పాఠాలే. అక్కడ ఒరాకిల్ డేటాబేస్ నిర్వహణ (డీబీఏ) కోర్సు చేసిన మన పిల్లలు రాత్రి షిఫ్టుల్లో అమెరికా బ్యాంకుల డేటాబేస్‌లను కంటికి రెప్పలా కాస్తున్నారు. డల్లాస్‌లో ఎవరికైనా ఖాతా తెరుచుకోవడం మూడు సెకన్లు ఆలస్యమైతే మన కుర్రాడి ఫోను మోగుతుంది. వాళ్ల నాన్న స్లాట్ మూడు రోజులు ఆలస్యమైనా ఎవరి ఫోనూ మోగదు.

మన ఆఫీసుల్లో సర్వర్‌ను దారిలో పెట్టే ట్యూనింగ్ అంటే వేరు. మొదటి మెట్టు, ఆపి మళ్లీ ఆన్ చేయడం. రెండో మెట్టు, 'అనూహ్యమైన రద్దీ' అని ప్రకటన. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామికి జనం పోటెత్తుతారని ఆర్టీసీకి తెలుసు, ముందుగానే స్పెషల్ బస్సులు వేస్తుంది. పత్తి మాత్రం ఏటా దసరా, దీపావళి రోజుల్లో ఎవరికీ చెప్పకుండా వచ్చి సర్వర్‌ను ఆశ్చర్యపరుస్తుంది. మూడో మెట్టు టెండరు. ఇండెక్స్ కట్టడం ఒక్క లైను పని, ఖర్చు లేదు. అదే దాని లోపం. దానికి శిలాఫలకం వేయలేం, రిబ్బన్ కట్ చేయలేం, బిల్లు పెట్టలేం. పెద్ద పెట్టె కొంటే ఫొటో ఉంటుంది. కొత్త పెట్టెలో అదే పాత వెతుకులాట (క్వెరీ), అన్ని వరుసలనూ ఇంకాస్త వేగంగా, ఇంకాస్త ఖరీదుగా చదువుతుంది.

డిస్కు చెడిపోతే స్టోరేజీ పెట్టె మీద నారింజ రంగు దీపం వెలుగుతుంది. రెయిడ్-5లో ఒక డిస్కు పోయినా బండి నడుస్తుంది. అది మార్చేలోపు రెండోది పోతే కథ కంచికే. మరి దీపాన్ని ఎవరూ ఎందుకు చూడరు? పంచాయతీ ఆఫీసుల గోడలకు ఏ రంగు వేయాలన్న తగవు 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రాష్ట్రం మనది. ఆ దీపం రంగు ఏ పార్టీదో తేలేదాకా చూడకపోవడమే క్షేమం అనుకుంటారేమో.

బ్యాకప్ సంగతి అడగొద్దు. అడిగితే 'రెయిడ్ ఉంది కదా' అంటారు. మంటలకు ఆ మాట తెలియదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని 600కు పైగా ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. అంత పెద్ద డేటాకు బ్యాకప్ కష్టమని వేరేచోట కాపీ పెట్టలేదట. సెల్‌ఫోన్లు, మెమరీ చిప్పులు ప్రపంచానికి అమ్మే దేశం అది. మనవాళ్లు ఈ వార్త చదివి ఊపిరి పీల్చుకుని ఉంటారు, మనం ఒంటరివాళ్లం కాదని.

అసలు సంగతి కొలత దగ్గరుంది. రైతు మిల్లుకు చేరగానే పత్తిలో తేమ మీటరు గుచ్చుతారు. తేమ 8 శాతం దాకా ఉంటే పొడుగు పింజకు పూర్తి ధర, 2025-26 సీజన్‌లో అది క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆపైన ప్రతి శాతానికీ కోత. 12 దాటితే బండి వెనక్కి. దాంట్లో మొహమాటం లేదు. స్లాట్ కోసం ఎదురుచూసిన రోజుల్లో పట్టిన మంచు కూడా రైతు ఖాతాలోకే వస్తుంది. డేటాబేస్‌కూ ఇలాంటి మీటరు లేకపోలేదు. ఒరాకిల్‌లో ఏడబ్ల్యూఆర్ అనే రిపోర్టు ఉంది. మామూలుగా గంటకోసారి లెక్కలు తీసుకుని, ఏ క్వెరీ ఎంతసేపు తిన్నదో, డిస్కు దగ్గర ఆగిందో తాళాల (లాక్‌ల) దగ్గర ఆగిందో పేరుపెట్టి చెబుతుంది. ఎనిమిది రోజుల లెక్కలు దాచి, ఎవరూ అడక్కపోతే తుడిచేస్తుంది. రైతు పత్తిలోని తేమ ఆ పూటే బయటపడుతుంది, సర్వర్ నీరసం మాత్రం తొమ్మిదో రోజుకు సాక్ష్యం లేకుండా పోతుంది.

కాబట్టి ఆదోని యార్డు తరఫున ఒక్క మనవి. సర్వర్‌కూ శాతాలు పెట్టండి. స్క్రీన్ 8 సెకన్లలో తెరుచుకుంటే కాంట్రాక్టరుకు పూర్తి బిల్లు. ఆపైన ప్రతి సెకనుకూ కోత. 12 దాటిందా, రైతుకు చెప్పే మాటే ఆయనకూ చెప్పి బిల్లు చేతిలో పెట్టి పంపండి: "తేమ ఎక్కువుంది సామీ, ఎండబెట్టుకుని తీసుకురా. స్లాట్ మళ్లీ బుక్ చేసుకోవాల."