పది గళ్లు

కూచిపూడిలో మా వీధి చివరింటి లస్కరు బాబాయి కాలువ షట్టర్ల దగ్గర పదేళ్లు పనిచేశాడు. కాలువా ప్రభుత్వానిదే, షట్టర్లూ ప్రభుత్వానివే, జీతం మాత్రం కాంట్రాక్టరు చేతి మీదుగా. 2009 ఏప్రిల్ 1న చేరాడు. 58 నిండాక 2019 మార్చి 31న తాళాలు అప్పజెప్పాడు. ఏజెన్సీలను పక్కనపెట్టి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వ సంస్థ ఆప్కాస్ వచ్చింది ఆ మరుసటి ఏడాది.

పీఎఫ్ పింఛను వస్తుందని ఆయన ధీమా. పదేళ్ల సర్వీసుంటే చాలు, నెలకు కనీసం వెయ్యి రూపాయలు. తొమ్మిదిన్నరేళ్లున్నా పదికిందే లెక్క. ఆఫీసు వ్యవహారాలు తెలిసినవాణ్నని నన్ను విజయవాడకు తోడు రమ్మన్నాడు. పామర్రు దాటినా, ఉయ్యూరు దాటినా బస్సులో అదే లెక్క: బీపీ మాత్రలకింత, పాలకింత.

పీఎఫ్ ఆఫీసు కౌంటరులో ఉన్నాయన కంప్యూటరు చూసి, "తొమ్మిదేళ్ల అయిదు నెలల చిల్లరండీ. ఇంకో వారముంటే వచ్చేది. జమైన డబ్బు తీసేసుకోండి, పింఛను రాదు" అన్నాడు.

ఆర్నెల్లకోసారి కాంట్రాక్టు ముగించడం, పది రోజులు విరామం చూపించడం, మళ్లీ కొత్తగా చేర్చుకోవడం. శాశ్వత ఉద్యోగమని రేపెవరూ కోర్టుకెక్కకూడదు కదా! అలాంటి విరామాలు 19. మొత్తం 190 రోజులు. వాటిలో ఒక్కనాడూ బాబాయి ఇంటిపట్టున లేడు. చేయించుకున్న పనిని లెక్కలోంచి కొట్టేయడం కూలి ఎగ్గొట్టడం కాక మరేమిటి?

బాబాయి సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ప్రశంసాపత్రం. 2009 అక్టోబరు 5న ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పటిది. కరకట్ట మీద ఇసుక బస్తాలు మోసి, రాత్రుళ్లు నిద్రమాని కాపలా కాసినందుకు ఇచ్చారు.

"ఇవి మొదటి విరామం రోజులే బాబూ. ఈ పదీ కలిపితే సరిపోదా?"

"సరిపోతుంది. మస్టరులో హాజరుంటే పట్రండి."

మర్నాడు కాలువల ఆఫీసు బీరువాలోంచి పాత మస్టరు తీయించాం. అక్టోబరు 1 నుంచి 10 దాకా పది గళ్లు. వాటి మీదుగా అడ్డంగా ఒక గీత, పైన 'విరామం' అన్న మాట. పక్కనే ప్రశంసాపత్రం పరిచాను. అదే నీలం సిరా. 'విరామం'లోనూ, 'వరద'లోనూ అదే వంపు తిరిగిన వ.

అప్పట్లో ఆ సెక్షను గుమాస్తాను నేనే. రెండూ ఒకే నెలలో నా చేత్తో రాసినవే.

తలెత్తలేకపోయాను. బాబాయి నా భుజం తట్టాడు.

"చూడగానే పోల్చాను బాబూ. మీ దస్తూరీ ముత్యాలే కదా!"