పైకి రాస్తానన్నాను

నలభై దాటాక చదువు మీద పుట్టే ప్రేమకి మందు లేదు. నాకది గ్రామీణాభివృద్ధి ఎమ్మే రూపంలో వచ్చింది. దూరవిద్యే అనుకోండి. అయినా నరసరావుపేటలో మా వీధి వీధంతా "ఈ వయసులో ఏం చదువుతున్నావయ్యా" అని అడిగేలా, అడక్కపోతే నేనే ఆపి చెప్పేలా చదివాను. పరీక్షలు ఎలాగో గట్టెక్కాయి. ప్రాజెక్టు మిగిలింది. ఏదో ఒక ఊరు వెళ్లి, జనాన్ని కలిసి, సమాచారం పోగేసి, పుస్తకం కుట్టించి ఇవ్వాలి. "చిన్న అంశం తీసుకోండి" అన్నారు గైడుగారు. ఆ మాట వింటే ఇవాళ మీతో చెప్పుకోడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

'పల్నాడు మిర్చి కౌలు రైతుల స్థితిగతులు: సమగ్ర పరిశీలన' అని పేరు పెట్టాను. పుట్టి పెరిగింది ఇక్కడే, నాకు తెలియని పల్నాడేముంది అని ధీమా. మొదటి అధ్యాయం నాగమ్మ, బ్రహ్మనాయుడి కోడిపందెంతో ఎత్తుకున్నాను. కారంపూడిలో యుద్ధం చేయించి, 1922లో పుల్లరికి ఎదురు తిరిగి ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతుకి నమస్కారం పెట్టి, 1955 డిసెంబరులో నెహ్రూగారి చేత నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేయించి, కుడికాలువకి నీళ్లొదిలేసరికి సగం పుస్తకం అయిపోయింది. కౌలు రైతు ఇంకా పొలం గట్టు కూడా ఎక్కలేదు.

రెండో అధ్యాయంలో రాబర్ట్ ఛాంబర్స్‌ని దించాను. ఈ పెద్దాయన 1983లోనే ఒక పుస్తకంలో మన బండారమంతా బయటపెట్టాడు. పట్నం నుంచి పల్లెకొచ్చే పరిశోధకులు తారురోడ్డు దిగరట. పెద్దమనుషులతోనే మాట్లాడతారట, ఆడవాళ్లని అడగరట, వానాకాలం బురదలో కనపడనే కనపడరట. మర్యాద అడ్డొచ్చి పేదరికం ఊసే ఎత్తరట. ఆకుపచ్చ రంగు పెన్నుతో గీతలు గీసుకుని మరీ చదివాను. చదివి, "పరిశోధకుడు ఈ లోపాలన్నిటికీ అతీతంగా వ్యవహరించాడు" అని రాసేశాను. అప్పటికి నేనింకా ఊరి పొలిమేర తొక్కలేదు.

ఊరు గురజాల నుంచి మాచర్ల వెళ్లే దారిలో ఉంది. పేరు చెప్పను, అటు వెళ్లే అవసరం నాకింకా ఉంది. ఖద్దరు లాల్చీ, గుడ్డసంచీ, 110 ప్రశ్నల ఫారం కట్ట. బస్సు దిగీ దిగగానే రోడ్డు పక్కన నున్నటి అరుగు, అరుగు మీద కుర్చీ, కుర్చీ నెత్తిన ఫ్యాను కనపడ్డాయి. కూర్చోగానే కాఫీ వచ్చింది. ఎండలకు పేరుమోసిన రెంటచింతల పక్కనే కదండీ, సూర్యుడు అక్కడే కాపురముంటాడు. ఆ ఫ్యాను గాలి వదిలేసి కల్లాల దాకా నడిచే మొనగాడు మీలో ఎవరన్నా ఉంటే చెయ్యెత్తండి. లేరుగా? అయితే ముందుకు పోదాం.

"కౌలు రైతులా? మా ఊళ్లో కౌలేంది సారూ, అందరం కలిసిమెలిసి చేసుకుంటాం. అయినా మీరు అడిగారు కాబట్టి పిలిపిస్తా" అన్నాడు ఇంటాయన. పిలిపించాడు. వచ్చినాయన వాకిట్లో నిలబడ్డాడు. నేను అరుగు మీద, ఇంటాయన నా పక్కన మంచం మీద. ఇక నా పాండిత్యం పొంగింది. మొదట చట్టం చెప్పాను. 2011లో రుణ అర్హత కార్డులొచ్చాయనీ, 2019లో పంట సాగుదారు హక్కు పత్రాలొచ్చాయనీ, 11 నెలల ఒప్పందమేననీ, భూమి మీద యజమాని హక్కుకి ఢోకా లేదనీ, కాకపోతే ఆయన సంతకం పెట్టాలనీ, ఆ కాగితం ఉంటేనే పంట రుణమైనా బీమా అయినా అనీ గడగడా అప్పజెప్పి, గొంతు సవరించుకుని, ఊరంతా వినపడేలా అడిగాను: "మీ భూయజమాని సంతకం పెట్టడానికి నిరాకరించారా?" మంచం మీద ఊగుతున్న కాలు ఆగింది. వాకిట్లో మనిషి ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు. "నేను కౌలు కాదు సారూ, కామందుగారి పొలం చూస్తుంటానంతే." రెండో ఆయన "నేనూ చూస్తుంటా" అన్నాడు. మూడో ఆయన నేను నోరు తెరవకముందే "చూస్తుంటా" అనేసి కండువా దులుపుకున్నాడు. నేను మాత్రం చకచకా టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

తెలివైనవాడు అక్కడ అనుమానపడతాడు. నేను ఆనందపడ్డాను. ఆ ఊళ్లో కౌలే లేదు! ఇంటికొచ్చి పట్టిక వేస్తే కౌలుదారులు సున్నా. చక్రం బొమ్మ గీస్తే ఒకటే రంగు, పున్నమి చంద్రుడిలా. దీనికి 'యజమాని, సాగుదారుల సహకార నమూనా' అని నామకరణం చేసి, ఇంగ్లీషు పత్రికలకి పంపుదామా తెలుగు పత్రికలకి పంపుదామా అని రాత్రంతా దొర్లాను. పరిశోధన చేసిన ప్రతివాడికీ ఇలాంటి రాత్రి ఒకటి ఉంటుంది. ఒప్పుకోరంతే.

గైడుగారు ఫోన్లో తాపీగా అడిగారు.

"మరి మిరప ఎవరు వేశారు?"

"కామందులండీ."

"వాళ్లెక్కడుంటారు?"

"కొందరు హైదరాబాదు, కొందరు అమెరికా..."

"అక్కణ్ణుంచే మందు కొడుతున్నారా?"

మళ్లీ వెళ్లాను. ఈసారి సాయంత్రం, వెనక దారిన, లాల్చీ లేకుండా, కల్లంలోకి. ఎండబోసిన కాయల్లోంచి తాలు ఏరుతున్నారు ఆడవాళ్లు. వాళ్లలో ఒకావిడ, నేను ఫారం తీసేలోపే, చెయ్యి ఆపకుండా మొత్తం చెప్పేసింది. కౌలు పంటకి ముందే కట్టాలి, పండినా ఎండినా. పొలం పాస్ పుస్తకం మీద కామందు బ్యాంకులో ఎప్పుడో అప్పు తెచ్చుకున్నాడు, ఇక కార్డు మీద సంతకం ఎందుకు పెడతాడు? పెట్టుబడి గుంటూరు కమీషన్ వ్యాపారి ఇచ్చాడు, కాబట్టి కాయలు ఆ కొట్టుకే పోవాలి. 2021లో నల్ల తామర పురుగు పడి పూత రాలిపోయింది, అప్పు మాత్రం రాలలేదు. ఆ బాకీ ఇప్పటి కాయలు తీర్చాలి, ఇప్పుడేమో రేటు పడిపోయింది. నా 110 ప్రశ్నల్లో ఒక్కటీ అడగకుండానే జవాబులన్నీ వచ్చేశాయి. నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "మీ సంతృప్తి స్థాయి ఒకటి నుంచి ఐదులో ఎంతమ్మా?" అన్నాను.

"ఊరికే కూకోకుండా నువ్వూ నాలుగు ఏరు" అంది.

ఏరాను. ఏరిన చేత్తో కళ్లజోడు సర్దుకున్నాను, కన్ను నలిపాను. ఇంక చూడండి, కృష్ణకి వరదొచ్చింది. ముక్కూ కళ్లూ ఏకమై నేను ఎక్కిళ్లు పెడుతుంటే ఆవిడ కరిగిపోయి, "మా బాధకి నువ్వంత ఏడవబాక సారూ" అంది. కారం వల్లనమ్మా అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంకాస్త తల వంచుకున్నాను.

ఆ కన్నీళ్లతో నాకు పేరొచ్చింది. వెళ్లినప్పుడల్లా "రేటు పెంచమని రాయి సారూ" అనేవాళ్లు. నేను ఆఫీసర్ని కాదని చెప్పడానికి నోరు రాలేదు. చాలాకాలం తర్వాత నన్ను 'సారూ' అన్నది వాళ్లే మరి. "రాస్తాను, పైకి రాస్తాను" అనేవాణ్ణి. అబద్ధమేం కాదు. మా గైడుగారు ఉండేది మేడ మీద.

ఇంతలో కొంప మునిగింది. 2025 ఫిబ్రవరి నెలాఖరున కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రా మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది, 2.91 లక్షల టన్నుల దాకా అని. నేనా వార్త పేపర్లో చదివి ఊరికి వెళ్లేసరికి సోడా కొట్టి రెడీగా పెట్టారు. కొబ్బరిబోండాం కూడా. "సారు రాశాడు, వచ్చింది" అని ఒకరికొకరు నన్ను చూపించుకుంటున్నారు. ఖండించడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను బోండాం తాగి, మూతి తుడుచుకుని, "ఏదో, ప్రయత్నం చేశాం" అన్నాను. చేశాం, అని.

బోండాం అరక్కముందే కల్లంలో ఆవిడ వచ్చి అడిగింది: "ఆ రేటుకీ మేము అమ్మినదానికీ తేడా డబ్బులు ఇస్తారంట గదా, కార్డు లేనోళ్లకి ఎవరి పేరున పడుద్ది సారూ? మాకా, కామందుకా?" 110 ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు. సంచీ సర్దుకుని, బస్సుకి వేళయిందన్నాను. ఆ వేళకి బస్సు లేదని వాళ్లకీ తెలుసు.

ప్రాజెక్టు పాసైంది. గైడుగారు కోడిపందెం నుంచి కుడికాలువ దాకా ఒక్క గీతతో కొట్టేశారు, పున్నమి చంద్రుణ్ణి కూడా. ఆవిడ మాటలు మాత్రం పేరు లేకుండా ఉంచమన్నారు. ఆ నాలుగు పేజీలకే మార్కులు పడ్డాయని నా అనుమానం.

మొన్న పిడుగురాళ్ల బస్టాండులో వెనకనుంచి ఎవరో భుజం పట్టుకున్నారు. ఆ ఊరాయనే, మూడోవాడిగా 'చూస్తుంటా' అన్నాయన. "సారూ, మన కాగితం ఎందాకా వచ్చింది?" అన్నాడు.

"పైనే ఉంది" అన్నాను. నిజమే. గైడుగారి మేడ మీద, అటకెక్కి ఉంది.